పానవ్యసనిని పలుకరించు విధము



మద్యపానము మనుష్యుని దేహమును, ధనమును, గృహమును చెఱచునని మీకు క్రొత్తగ బోధింపవలసిన పనిలేదు. ఆ మాట మన వేదికలమీద నిన్న మొన్నటిది కాదు. కేశవచంద్రసేనుడు 1870 వ సంవత్సరమున ఇంగ్లండునకు పోయినప్పుడు అచ్చటి సభలలో నిలిచి, హిందూదేశమున మద్యవిక్రయముచే రాబడి గడించుచుండిన దొరతనమువారి నీతిని వారి ప్రజల యెదుటనే ఖండించెను. మన యాంధ్రదేశమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కాకినాడలోని పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులుగ నుండిన కాలమున పానవర్జనమును ఆత్మశుద్ధిలో నొక యంగముగ విద్యార్థులకు బోధించిరి.

నేడు మేము విచారింప దలచినది వేఱొక ప్రశ్న. ఉపన్యాసములు వినుటకు రానివాడు, వచ్చినను వెనుకవరుసలో తలవంచుకొని కూర్చుండువాడు, తెల్లవాఱగనే చేతులు వణకుచు మొదటి గ్రుక్క లోపలికి పోయినగాని పనిముట్టు పట్టజాలనివాడు ఒకడున్నాడు. వానియొద్దకు పోవలసినవా రెవరు? పోయినవారు మొట్టమొదట పలుకవలసిన మాట యేది? ఈ రెండు ప్రశ్నలకును ఆస్ట్రేలియాఖండమునందలి ఆదిమజనులు తమ వైద్యశాలలలో చేసిన పనివలన నొక సమాధానము చెప్పియున్నారు. దానిని మీ యెదుట నుంచుటయే నేటి యుపన్యాసమునకు ప్రయోజనము. అంత దూరము పోనేల యని మీరడుగవచ్చును. సర్వమానవులకును తండ్రి యొక్కడే యని నమ్మినవారికి సముద్రము అడ్డము కాదు. అదియునుగాక, ఆ కథ మన గోదావరి మన్యపు కథకు మిక్కిలి దగ్గఱి చుట్టమని పిమ్మట చూపెదము.

మొట్టమొదట నొక దురభిప్రాయమును తొలగింపవలెను. ఆస్ట్రేలియా యాదిమజనులు సహజముగనే త్రాగుబోతులని ఆ దేశపు తెల్లవారిలో చాలకాలముగ నొక ప్రవాదము కలదు. దేశమంతట జరిపిన లెక్కలు వేఱు మాట చెప్పుచున్నవి. మద్యమును ముట్టనే ముట్టనివారు నూటికి ఇందఱని లెక్కింపగా, ఇతర ఆస్ట్రేలియనులలోకంటె ఆదిమజనులలోనే యెక్కువమంది తేలినారు. అయితే త్రాగువారిలో పెక్కండ్రు ఒక్క కూర్చుండుటలోనే మితిమీఱి త్రాగుదురు. అందుచేత గాయములును, కాలేయరోగములును, అకాలమరణములును వారిలో నధికముగ నున్నవి. ఇది రక్తదోషమని చెప్పుటకు ఆధారము లేదు. చరిత్రదోషమని చెప్పుటకు కావలసినంత కలదు.

ఆ చరిత్రను సంగ్రహముగ వినుడు. వలసకాలమున తెల్లవారు ఆదిమజనులచేత పనిచేయించుకొని కొన్నిచోట్ల కూలికి బదులు రమ్ము పోసిరి. పిదప వారికి మద్యము అమ్మరాదని యొక్కొక్క రాజ్యముననే శాసనములు చేసిరి. తన బంధువులతోడి సహవాసమును విడిచెదనని యొప్పుకొన్న వానికి మాత్రము మినహాయింపు పత్రమిచ్చి, పానశాలలోనికి రానిచ్చిరి. ఆ పత్రమును ఆదిమజనులు కుక్కమెడలో కట్టు బిళ్ల యని యీసడించుకొనిరి. ఈ నిషేధములు 1957 మొదలు 1972 వఱకు ఒకటొకటిగ తొలగింపబడినవి. ఫలితమేమనగా, త్రాగుటకు హక్కు కలిగియుండుటయే పౌరుడగుటకు గుఱుతని యొక తరమువారు నేర్చుకొనిరి. పోలీసు వచ్చులోపల దాగి, త్వరత్వరగ గ్రుక్కలు మ్రింగుట యంతకుముందే నేర్చియుండిరి. పైనుండి విధింపబడిన నిషేధము, పానమును మాన్పుటకు మాఱుగ పానము చేయు తీరునే చెఱచినదని మేము తలచుచున్నాము. పానవర్జన ప్రచారకు లీ సంగతిని తీఱికగ ఆలోచింపదగును.

పశ్చిమ ఆస్ట్రేలియా యుత్తరభాగమున కింబర్లీ యను ప్రాంతము కలదు. అచ్చట ఫిట్జ్‌రాయ్ నదియొడ్డున ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అను చిన్న పట్టణము. బునుబా, గూనియాండి, వాల్మజారి మొదలగు తెగలవారు ఆ లోయలో నివసింతురు. వారు తరతరములుగ తెల్లవారి పశుక్షేత్రములలో ఆవులను కాచుచు, తిండికిని బట్టకును పనిచేసిరి. 1968 వ సంవత్సరాంతమునుండి వారికిని తెల్లవారితో సమానమైన కూలి యియ్యవలెనను తీర్పు అమలులోనికి రాగా, యజమానులు పెక్కండ్రు కూలి పెంచుటకు మాఱుగ వారిని క్షేత్రములనుండి వెడలగొట్టిరి. న్యాయమైన తీర్పే, కాని దాని బరువు ఎవరి నెత్తిన పడునో ఆలోచించినవారు లేరు. పనియు, తాము పుట్టిన నేలయు ఒక్కసారిగ పోయినవారు పట్టణము చుట్టును గుడిసెలు వేసికొనిరి. ఆ పట్టణమున వారికొఱకు ద్వారము తెఱచియుంచిన గృహము పానశాల.

నలువది సంవత్సరములు గడచునప్పటికి, 2007 వ సంవత్సరమునకు ముందు, సుమారొక సంవత్సరకాలములో ఆ లోయలో పదుమువ్వురు తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఆ యేడు జూలై నెలలో ఆ ప్రాంతపు స్త్రీలు ఆరుబయట తమ వార్షికసభ జరుపుకొని, ఇక చాలునని నిశ్చయించిరి. జూన్ ఆస్కార్, ఎమిలీ కార్టర్ అను నిద్దఱు స్త్రీలు ముందు నడచిరి. వారు పూర్ణనిషేధము కోరలేదు. నూటికి 2.7 పాళ్లకు మించిన సారముగల మద్యమును సీసాలతోను పెట్టెలతోను ఇంటికి తీసికొనిపోవునట్లు అమ్మరాదని లైసెన్సు అధికారికి విన్నవించుకొనిరి. 2007 అక్టోబరు 2 వ తేదీనుండి ఆ నియమము అమలయ్యెను. తమవారిలోనే కొందఱు వారిని దూషించిరి. అయినను ఇంటిలోని కొట్లాటలును, వైద్యశాలకు రాత్రివేళ వచ్చు గాయములును తగ్గినవి. పిల్లలు నిద్రపోగలిగిరి.

నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిన తెఱగు మీకు జ్ఞప్తికి వచ్చియుండును. 1993 అక్టోబరులో సారానిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును రాష్ట్రమునకు తెచ్చినది ఆ స్త్రీల పట్టుదలయే. రెండవది 1997 లోనే సడలింపబడినది. చట్టమును తెచ్చిన చేతులును దానిని తీసివేసిన చేతులును ఒక్కటి కావు.

ఫిట్జ్‌రాయ్ స్త్రీలు దుకాణపు తలుపుతోనే తృప్తిపడి యూరకుండలేదు. ఏలయన, ఆ నియమము వచ్చిన పిదప గట్టిగ వ్యసనమునకు లోబడినవారు కొందఱు డెర్బీ, బ్రూమ్ మొదలగు ఇతర పట్టణములకు త్రాగబోయిరి. తలుపు మూసినంతమాత్రమున దాహము తీఱదు. మఱియు, అంతకుముందే గర్భములో మద్యము సోకి పుట్టిన శిశువులు పాఠశాలలకు వచ్చియుండిరి. గర్భిణి త్రాగిన మద్యము శిశువు మెదడునకు చేరి, ఆ బిడ్డకు జ్ఞాపకము నిలువకుండను, కోపము ఆగకుండను చేయును. ఆ హాని జీవితాంతము ఉండును. ఇట్టి బిడ్డలెందఱో లెక్కింపుడని ఆ స్త్రీలే వైద్యులను పిలిచిరి. వారి సంఘమును, నిండిలింగారి యను ఆదిమజనుల ఆరోగ్యసంస్థయు, సిడ్నీ విశ్వవిద్యాలయమువారును కలసి 2002, 2003 సంవత్సరములలో పుట్టిన పిల్లలను పరీక్షించిరి. ఆ పనికి లిలిల్వన్ అని పేరు. చిన్నవారందఱు అని యర్థము. 2017 లో ప్రకటింపబడిన ఫలితమును బట్టి, వేయిమంది పిల్లలకు సుమారు 190 మంది యిట్టి హాని పొందినవారుగ తేలిరి. సగముకంటె నెక్కువమంది తల్లులు గర్భకాలమున త్రాగితిమని తామే చెప్పిరి.

తామే చెప్పిరను మాటయొద్ద ఒక్క నిమిషము ఆగుదము. ఏ తల్లి తన బిడ్డకు తాను చేసిన హానిని అన్యుల యెదుట ఒప్పుకొనును? దండించువారి యెదుట ఒప్పుకొనదు. వ్రాసికొనిపోయి పత్రికలో వేయువారి యెదుట ఒప్పుకొనదు. తన భాష తెలిసినది, తన శోకమును తానును మోయుచున్నది, రేపును అదే వీధిలో నుండునది యగు నొక స్త్రీ చాపమీద ప్రక్కను కూర్చుండి యడిగినచో చెప్పును. పశ్చాత్తాపమునకు భయము విరోధి. మన సమాజమువారు దీనిని యెప్పుడును నమ్మియున్నారు. ఈశ్వరుని యెదుట పాపి నోరు విప్పుట ఆయన దండధరుడని కాదు గదా.

ఇక వైద్యశాలల సంగతి. 1971 లో సిడ్నీనగరమందలి రెడ్‌ఫర్న్ పేటలో ఆదిమజనులు తమ స్వంత వైద్యశాల నొకదానిని స్థాపించుకొనిరి. ఇతర వైద్యశాలలలో తమకు జరుగు నవమానమును సహింపలేక, స్వచ్ఛందముగ వచ్చిన వైద్యులతో చిన్న దుకాణపు గదిలో ప్రారంభించిరి. రెండేండ్లకు ఆలీస్ స్ప్రింగ్స్ పట్టణమున కాంగ్రెస్ అను మఱియొక సంస్థ వెలసినది. ప్రజలు నివసించుచోటనే, ప్రజలు పాలుపంచుకొనునట్లు ప్రాథమిక వైద్యము జరుగవలెనని 1978 లో ఆల్మా ఆటా మహాసభవారు లోకమునకు చాటిరి. రెడ్‌ఫర్న్ వారు అది యేడు సంవత్సరములు ముందే చేసియుండిరి. నేడట్టి సంస్థలు ఆ దేశమున 140 కి పైగ కలవు. వాని పాలకసభను ఆ యూరి ఆదిమజనులే యెన్నుకొందురు.

అట్టి వైద్యశాలకు ఒకడు దగ్గుకొఱకో, పిల్లవాని చెవిపోటుకొఱకో వచ్చును. అచ్చటి ఆరోగ్యకార్యకర్త రక్తపు పోటు చూచును, చక్కెర చూచును, అదే గొంతుతో త్రాగుడును గూర్చి మూడు ప్రశ్నలడుగును: ఎంత తఱచుగ త్రాగుదువు? త్రాగిన దినమున ఎంత త్రాగుదువు? మితిమీఱి త్రాగుట ఎన్నాళ్లకొకసారి? ఈ ప్రశ్నలు ప్రపంచారోగ్యసంస్థవారు కూర్పించిన పది ప్రశ్నలలో మొదటి మూడు. ముఖ్యమైన సంగతి యేమనగా, వీనిని కంపుగొట్టుచు వచ్చినవానిని మాత్రమే అడుగరాదు. ఉపాధ్యాయుని, పెద్దమనుష్యుని, ముసలమ్మను, అందఱిని అడుగవలెను. అందఱిని అడిగినప్పుడు అది నేరవిచారణ కాక వైద్యమగును. త్రాగువానిని మాత్రమే అడిగినచో, వాడు మరునాటినుండి వైద్యశాల గడప త్రొక్కడు. వాని బిడ్డ చెవిపోటును మానదు.

ఈ ప్రశ్నలడుగుట యెంత సులభమని తోచును! ఆస్ట్రేలియా వైద్యులు పది గ్రాముల సారమును ఒక పానపరిమాణముగ నెంచి, ఎన్ని త్రాగితివని యడుగుదురు. నలుగురు చుట్టును కూర్చుండి, పెట్టెలోని ద్రాక్షసారాయిని ఒకే లోటాతో త్రిప్పుకొని త్రాగినవాడు దీనికేమని బదులు చెప్పును? పది దినములు మాని పదునొకండవ దినమున కూలిడబ్బు రాగానే తెల్లవాఱువఱకు త్రాగువాడు, తఱచుగ ననుమాటకు ఏమి యర్థము చేసికొనును? సిడ్నీ విశ్వవిద్యాలయమువారు ఆదిమజనులగు కార్యకర్తలతో కలసి, చేతపట్టుకొను పలకవంటి యంత్రమున ఒక సాధనము కల్పించిరి. అందులో పాత్రల బొమ్మలుండును. త్రాగువాడు తన పాత్రను తాకి, ఎంతవఱకు నిండెనో వ్రేలితో చూపును. ప్రశ్నలు ఇంగ్లీషుననేగాక పిట్జంట్జట్జారా భాషయందును వినబడును. మనుష్యునికి చెప్పుటకు సిగ్గుపడినవాడు బొమ్మకు నిజము చెప్పుట యొక చిత్రము.

ప్రశ్నల పిదప ఐదు పది నిమిషముల మాట. నీ త్రాగుడు నీ రక్తపు పోటును పెంచుచున్నది, నీవేమనుకొనుచున్నావు? తగ్గింపవలెనని యెప్పుడైన తోచినదా? తగ్గించినచో ఇంటిలో ఏమి మాఱును? ఇంతియే. ఇందు బోధ లేదు. వాని నోటనుండి వాని కారణమునే రాబట్టుట కలదు. ఇట్టి సంభాషణములపై లోకమునందలి పరిశోధనలన్నిటిని కూర్చి 2018 లో నొక సమీక్ష వెలువడినది. సంవత్సరము గడచిన పిమ్మట వారమునకు సుమారు 20 గ్రాముల సారము, అనగా రెండు పానపరిమాణములు, తగ్గునని అందు తేలినది. ఇది స్వల్పమే. అద్భుతములు కోరువారికి నిరాశ కలుగును. ఆ పరిశోధనలలో పెక్కు ధనికదేశములలో జరిగినవే గాని, గుడిసెలలో జరిగినవి కావు. మేము దీనిని పెద్దది చేసి చెప్పము. అయినను, వైద్యశాలకు వచ్చు ప్రతివానికిని అంత స్వల్పము తగ్గినచో, ఊరంతటికిని ఎంత తగ్గునో మీరే లెక్కవేసికొనుడు.

గట్టి వ్యసనమునకు లోబడినవానికి ఈ సంభాషణము చాలదు. ఇచ్చట పానవర్జన సంఘములవారు శ్రద్ధగ వినవలసిన సంగతి యొకటి కలదు. సంవత్సరముల తరబడి ప్రతిదినము మితిమీఱి త్రాగినవానిచేత, ఈ క్షణమునుండి చుక్క ముట్టనని సభలో ప్రతిజ్ఞ చేయించి ఇంటికి పంపుట ప్రాణాపాయము. వాని మెదడు మద్యమునకు అలవాటుపడియున్నది. అది హఠాత్తుగ నాగినచో, తొలుత వణకును చెమటయు పట్టును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ మూడవ దినములలో సన్నిపాతమువంటి భ్రాంతి పుట్టి, లేనివి కనబడి, గుండె తడబడి, మరణము కూడ సంభవింపవచ్చును. ప్రతిజ్ఞ నిలుపుకొనిన సత్యవంతుడే చచ్చుననియు, భంగపఱచినవాడు బ్రతుకుననియు తలచుకొనిన హృదయము వణకుచున్నది. వైద్యుడు వానిని కొలది దినములు తనచూపులో నుంచి, డయజెపామ్ వంటి మందును క్రమముగ తగ్గించుచు, థయమిన్ అను విటమినును ఇచ్చి, ఆ గండము దాటించును. పిదప మరల త్రాగవలెనను తహతహను అణచుటకు నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ అను మందులు కలవు. వీనిని ప్రాథమిక వైద్యశాలలోనే ఇయ్యవచ్చును. కాలేయమును మూత్రపిండములను పరీక్షించి యియ్యవలెను. కావున ప్రతిజ్ఞాపత్రముమీద సంతకము తీసికొనకముందు వైద్యుని చిరునామా చేత నుంచుకొనుట ప్రచారకుని ధర్మము.

ఇట్లయిన త్రాగుడు రోగమే గాని పాపము కాదా యని కొందఱడుగుచున్నారు. పాపము కాదని మేము చెప్పము. భార్యను కొట్టినవాడు కొట్టినవాడే. పిల్లల తిండిని దుకాణమున తగలబెట్టినవాడు ఆ లెక్క యెన్నడైన తన యంతరాత్మ యెదుట చెప్పుకొనవలసినదే. కాని ఆ లెక్క వానికిని ఈశ్వరునికిని నడుమ నుండునది. మనకును వానికిని నడుమ నుండదగినది వేఱు. తాను త్రాగనివాడు త్రాగువానికంటె పైమెట్టున నిలిచితినని యనుకొనుట యొక మత్తు. దానికి వాసన యుండదు గనుక పోలీసులు పట్టరు. పానవర్జనము కులమర్యాదకు గుఱుతై, కొండవారిని చూచి ముక్కు మూసికొనుటకు సాకైనచో, దానిని సంస్కారమని పిలుచుటకు మాకు నోరాడదు.

తిరస్కారము రాజ్యాంగమునందు ప్రవేశించినచో ఏమగునో ఆస్ట్రేలియా చూపినది. 1980 మొదలు 1989 వఱకు పోలీసుల నిర్బంధములోను కారాగృహములలోను చనిపోయిన 99 మంది ఆదిమజనుల మరణములను ఒక రాజవిచారణసంఘము పరిశోధించి, 1991 లో తన నివేదికను ముగించెను. వీథిలో త్రాగియుండుటయే నేరముగ కొట్టులో వేయబడినవారు ఆ మృతులలో నుండిరి. ఆ నేరమును శాసనములనుండి తీసివేసి, త్రాగినవానిని మత్తు దిగువఱకు కాచి పంపు గృహములను కట్టుడని సంఘమువారు చెప్పిరి. విక్టోరియా రాజ్యము ఆ మాటను 2023 లో పాటించినది.

మన్యపు కథ చెప్పెదమంటిమి. 1879 వ సంవత్సరము మార్చి నెలలో గోదావరి మండలపు రంప ప్రాంతమున పితూరి పుట్టినది. దానికి ముఖ్యకారణములలో నొకటి కల్లు. కొండవారు తమ చెట్లనుండి తమ యింటికొఱకు కల్లు తీసికొనుచుండిరి. అది వారికి పానీయము, ఋతువును బట్టి ఆహారమును. దానిమీద మన్సబుదారు చిగురు పన్ను విధించెను. అనుమతి లేక ఇంటి వాడుకకైనను తీయరాదని దొరతనమువారు అబ్కారీ నిబంధన పెట్టిరి. ఆ హక్కు మైదానపు గుత్తదారుల చేతులలో పడెను. కొండవాని చెట్టు కొండవానిది కాకపోయెను. తన చెట్టు కల్లు త్రాగినందుకు వాడు నేరస్థుడయ్యెను. ఈ సంగతిని విడిచిపెట్టి, కొండవారు త్రాగుబోతులను మాట మాత్రము పలుకువాడు చరిత్రలో సగమును మ్రింగినవాడు. ఆస్ట్రేలియాలో పశుక్షేత్రపు యజమాని, ఇచ్చట గుత్తదారుడు, పేర్లు వేఱు.

ఈ యుపన్యాసమును చదువువారిలో వైద్యులున్నారు, న్యాయవాదులున్నారు, రంపచోడవరము, పాడేరు ప్రాంతములతో ఉద్యోగసంబంధమో భూసంబంధమో గలవారున్నారు. వారిని మేము కోరునది చందా కాదు. మన్యపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయినప్పుడు, అచ్చటి నర్సుల, ఆశా కార్యకర్తల ప్రక్కను కూర్చుండి, మూడు ప్రశ్నలు అందఱిని అడుగుటకు వారికి తీఱిక యున్నదా, కోయభాషలోను కువిభాషలోను అడుగగలవా రున్నారా, థయమిన్ మందు అలమరలో నున్నదా యని విచారింపుడు. లేనిచో అధికారులకు వ్రాయుడు, మరల వ్రాయుడు. మద్యపు దుకాణము ఎచ్చట నుండవలెను, ఉండవలెనా వలదా యను విచారణ వచ్చినప్పుడు, మన యభిప్రాయమును చెప్పుటకుముందు ఆ గ్రామపు స్త్రీలను వేఱుగ కూర్చుండబెట్టి యడుగుడు. వారి మాటను వారి మాటగనే కాగితముమీద పెట్టుడు.

ఇప్పుడు ప్రార్థింతము.

దయాసముద్రుడవగు తండ్రీ, రేపు తెల్లవాఱకముందే లేచి, కొండదారిని నడచి, వైద్యశాల తలుపు తీయబోవు ఆ సోదరికి కాళ్లలో సత్తువ నిమ్ము. బల్లమీద మొదట కూర్చున్నవాని చేతులు వణకుచున్నవని ఆమె చూచినప్పుడు, ఆమె కన్నులలో అసహ్యము మెఱయకుండునట్లు కాపాడుము. వాడు అబద్ధము చెప్పినచో, వచ్చేవారము మరల అదే గొంతుతో అడుగుటకు ఆమెకు ఓర్పు నిమ్ము. వాడు నిజము చెప్పిన దినమున ఆ యలమరలో మందుండునట్లు మాచేత పనిచేయింపుము.